జున్నుగాడి నడక పాఠాలు

ఉదయం అయిదున్నర. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఆ వీధి ఇంకా పూర్తిగా నిద్ర లేవలేదు. పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు అలా వెళ్లాడో లేదో ఓ గేటు కిర్రుమంది. ముందు ఓ కుక్కపిల్ల ముక్కు బయటికొచ్చింది. ఆ వెనక దాని ఒళ్లు, దాని వెనక తీగలా బిగుసుకున్న తాడు. తాడు చివర, కాస్త ముందుకు వంగి, అరవై ఆరేళ్ల లెక్కల మాస్టారు.

జనవరి నుంచి మార్చి దాకా రోజూ ఇదే వరస. ముందు కుక్క, వెనక మాస్టారు. 'ఈయన దాన్ని తిప్పుతున్నారా, అది ఈయన్ని తిప్పుతోందా?' అని ఎదురింటి మేడమీద వాళ్లు నవ్వుకునేవారు. మార్చి నెలాఖరులో ఓ రోజు ఆ నవ్వు ఆగిపోయింది. ప్రహరీ గోడ మీద పిల్లి కనబడింది. కుక్కపిల్ల దూకింది. తాడు చేతిలోంచి జారకుండా ఉండాలని మాస్టారు దాన్ని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నారు. పిల్లి తప్పించుకుంది. మాస్టారి కుడి మణికట్టు విరిగింది.

ఆరు వారాలు కట్టు.

ఇలాంటివి ఎక్కడో ఒకటీ అరా జరుగుతాయనుకుంటాం. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ పరిశోధకులు 2023లో ఓ లెక్క ప్రచురించారు. 2001 నుంచి 2020 దాకా ఆ దేశంలో కుక్కను తాడు పట్టుకుని తిప్పుతూ దెబ్బలు తగిలించుకుని ఎమర్జెన్సీ వార్డులకు చేరిన పెద్దవాళ్లు 4.22 లక్షల మందికి పైనేనట! అరవై అయిదు దాటినవాళ్లు పడిపోయే ప్రమాదం చిన్నవాళ్ల కంటే మూడు రెట్లకు పైగా ఉందని కూడా తేల్చారు. ఆ లెక్కలు మన దేశానివి కాకపోవచ్చు. ఎముకలు మాత్రం అక్కడైనా ఇక్కడైనా ఒకటే.

ఆ సాయంత్రమే ఇంట్లో పంచాయతీ మొదలైంది. హైదరాబాద్‌లో ఉన్న కూతురు ఫోన్ చేసి 'ముందా కుక్కని పంపించేయండి, తర్వాత మిగతా సంగతులు' అంది. బెంగళూరులో ఉన్న కొడుకు ఏమీ అనలేదు. అసలు దసరాకి వచ్చినప్పుడు రెండు నెలల లాబ్రడార్ కూనను బుట్టలో పెట్టుకుని తెచ్చింది అతనే. 'రిటైరయ్యాక నాన్న ఇంట్లోంచి కదలట్లేదు, ఇదైతే కదిలిస్తుంది' అన్నాడు. కదిలించింది, కాదనలేం. జున్ను రంగులో ఉందని దానికి జున్ను అనే పేరు పెట్టారు. పిలుపులో జున్నుగాడు.

ఆ బుట్టను చూసి మొదట మొహం ముడుచుకున్నది మాస్టారి భార్యే. వీధిలో అందరికీ ఆవిడ పిన్నిగారు. మడీ ఆచారం అంతగా లేకపోయినా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాని సంసారం. 'నాకు దాంతో సంబంధం లేదు, వంటింటి గడప దాటి వస్తే ఊరుకోను' అని ముందే చెప్పేశారు. ఆ మాట మీదే అయిదు నెలలు నిలబడ్డారు కూడా. దాని గిన్నెలో పెరుగన్నం కలిపి పెట్టడం మాత్రం ఆవిడే చేసేవారు. దాన్ని ఆవిడ సంబంధం కింద లెక్క వేయలేదు.

మర్నాడు ఆనందపురం దగ్గర మామిడితోట ఉన్న ఓ తెలిసినాయన వచ్చాడు. కుక్కను తనకిచ్చేయమన్నాడు. మంచి జాతి, మంచి ఒడ్డూ పొడుగూ. పిన్నిగారు కాఫీ ఇస్తూ మామూలుగా అడిగినట్టే అడిగారు.

'రోజూ నడిపిస్తారా బాబూ?'

'నడిపించడమెందుకమ్మా? చెట్టుకి గొలుసేసి కట్టేస్తే సరి. రాత్రుళ్లు అరుస్తాది, కాయలకి కాపలా.'

పిన్నిగారు వంటింట్లోకి వెళ్లారు. కాసేపటికి తిరిగొచ్చి 'ఈయన కట్టు విప్పేదాకా ఆగండి. ఆ తర్వాత చూద్దాం' అన్నారు. ఎందుకన్నారో ఆవిడకీ అప్పుడు తెలియదు. 'గొలుసు అన్న మాట చెవిలో పడింది, అంతే' అని చెబుతారు.

అన్నట్టు, కుక్కను పొద్దస్తమానం గొలుసుతో కట్టిపడేసి, తిప్పకుండా ఉంచడం మన చట్టం ప్రకారం నేరం. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్‌లో ఆ మాట స్పష్టంగా ఉంది. మరీ పొట్టి గొలుసు, మరీ బరువైన గొలుసు వేసి గంటల తరబడి కట్టేయడం కూడా అందులోకే వస్తుంది. ఆరు దశాబ్దాలు దాటినా ఆ సంగతి తెలిసిన యజమానులు ఎంతమంది అంటే... మన వీధిలో గేటు లోపల అరుస్తున్న కుక్కల్ని లెక్కపెట్టుకుంటే చాలు.

సరే, ఆరు వారాల గడువైతే దొరికింది. నడిపేదెవరు? మాస్టారి చెయ్యి మెడకు వేలాడుతోంది. పనిమనిషి కుక్కంటేనే ఆమడ దూరం. జున్నుగాడి బరువు అప్పటికి ఇరవై నాలుగు కిలోలు. పిన్నిగారికి మోకాళ్ల నొప్పులు. ఎటూ తోచక దాన్ని టీకాలు వేసే పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేశారు.

ఆ డాక్టరమ్మ చిన్నప్పుడు మాస్టారి దగ్గరే చదువుకుంది. ఇంటికొచ్చి, ముందు కుక్క మెడ తడిమి చూసింది. అక్కడ ఇనుప ఉచ్చు గొలుసు ఉంది. లాగినకొద్దీ బిగుసుకునే రకం. కుక్క లాగితే దీంతో ఒక్క గుంజు గుంజి 'హీల్' అనాలని షాపువాడు చెప్పాడట. మాస్టారు మూడు నెలలు అలాగే గుంజారు. జున్నుగాడు మూడు నెలలు దగ్గుతూనే లాగాడు. డాక్టరమ్మ ఆ గొలుసు తీసి బల్ల మీద పెట్టింది. మెడ మీద అంత ఒత్తిడి పడితే శ్వాసనాళానికి దెబ్బని, కంట్లో ఒత్తిడి కూడా పెరుగుతుందని చెప్పింది. మెడపట్టీతో లాగే కుక్కలకు కంటి ఒత్తిడి పెరుగుతోందని, ఛాతీకి కట్టే పట్టీతో ఆ ఇబ్బంది కనబడలేదని 2006లో ఓ పరిశోధన తేల్చింది.

మాస్టారు ఒప్పుకోలేదు. 'భయం లేకపోతే క్రమశిక్షణ ఎలా వస్తుందమ్మా?'

ఆమె నవ్వింది. 'మాస్టారూ, పదమూడో ఎక్కం తప్పితే మీరు నా చెవి మెలేసేవారు, గుర్తుందాండీ? నాకు ఇప్పటికీ పదమూడో ఎక్కం రాదు. చెవి మాత్రం బాగా గుర్తుంది.'

మాస్టారు పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

అసలు కుక్కపిల్ల తాడును ఎందుకు లాగుతుంది? పొగరు వల్ల కాదు, మన మీద పెత్తనం చేయాలనీ కాదు. ఒకటి, దాని మామూలు నడకే మన నడక కంటే వేగం. రెండు, దూడను చూస్తే తెలుస్తుంది. మెడలో తాడేసి ముందుకు లాగితే నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టి వెనక్కి గుంజుతుంది. ఒత్తిడి ఎటునుంచి వస్తే దానికి ఎదురు తిరగడం పశువు ఒంట్లోనే ఉంది. మనం వెనక్కి లాగేకొద్దీ కుక్క ముందుకు తోస్తుంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం... లాగితే పని జరుగుతుంది! కుక్క లాగింది, మనం వెంట వెళ్లాం. అది చూడాలనుకున్న చెట్టు దగ్గరికి చేరింది. అంటే లాగితే చెట్టు వస్తుందన్న పాఠం దానికి మనమే చెప్పాం. జున్నుగాడు అయిదు కిలోల కూనగా ఉన్నప్పుడు లాగితే ముద్దుగా ఉందని మాస్టారు నవ్వుతూ వెంట వెళ్లేవారు. ఇరవై నాలుగు కిలోలయ్యాక అదే పని చేస్తే తప్పని దానికెలా తెలియాలి?

నిజానికి ఈ పాఠం రోడ్డెక్కక ముందే మొదలు కావాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి పదహారు వారాల దాకా మూడు నాలుగు వారాలకోసారి టీకాలు పడతాయి. అవి పూర్తయ్యేదాకా వీధి నేల మీద నడిపిస్తే పార్వో లాంటి జబ్బుల భయం. అలాగని ఇంట్లోనే దాచకూడదు. ఆటో చప్పుడు, హారన్, గొడుగు, టోపీ మనిషి... ఇవన్నీ మామూలేనని కుక్క మనసులో ముద్ర పడేది మూడు నెలలు అటూ ఇటూ వయసులోపే. ఆ నెలల్లో చంకలో ఎత్తుకుని వీధి చూపించాలి. ఇంట్లోనేమో మెత్తటి మెడపట్టీ వేసి, రెండు వేళ్లు దూరేంత వదులుంచి, తేలికపాటి తాడు కట్టి, మన కళ్ల ముందే ఈడ్చుకుని తిరగనివ్వాలి. గోక్కుంటుంది, కొరుకుతుంది, రెండ్రోజుల్లో మర్చిపోతుంది. జున్నుగాడి విషయంలో ఈ మెట్లేవీ ఎక్కలేదు. ఏడో నెలలో మళ్లీ ఒకటో తరగతి.

డాక్టరమ్మ చెప్పిన సిలబస్ చిన్నదే. తాడు బిగిస్తే గుంజవద్దు, తిట్టవద్దు, గుంజలా నిలబడిపోవాలి. అది వెనక్కి చూసి తాడు వదులు చేయగానే మళ్లీ కదలాలి. మన పక్కన నడిచినంతసేపూ, మోకాలి పక్కనే, నోట్లో ఓ ముక్క పడుతుండాలి. చెయ్యి ముందుకు చాపి ఇస్తే కుక్క ముందుకే వస్తుంది కాబట్టి, ఎక్కడ నడవాలో అక్కడే ఇవ్వాలి. తాడు ఆరడుగులు చాలు. బటన్ నొక్కితే సాగే తాళ్లున్నాయే, అవి నేర్చుకునే కుక్కకు వద్దు. లాగితే తాడు పెరుగుతుందని నేర్పుతాయి. మెడకు కాకుండా ఛాతీకి కట్టే పట్టీ, అదీ రొమ్ము దగ్గర కొక్కెం ఉన్నది. దాంతో కుక్క లాగితే దాని ఒళ్లే పక్కకు తిరుగుతుంది. చివరగా, తాడును చేతికి చుట్టుకోవద్దు. అరచేతిలో మడిచి పట్టుకోవాలి, పరిస్థితి చెయ్యి దాటితే వదిలేయగలిగేలా.

'హవాయి చెప్పులు కూడా వద్దు పిన్నిగారూ' అంది వెళ్తూ వెళ్తూ.

దాంతో అటక మీదున్న కొడుకు కాలేజీ రోజుల బూట్లు కిందికి దిగాయి. నేత చీర మీద తెల్ల బూట్లు! మొదటి రోజు పిన్నిగారు గుమ్మంలోకి రాగానే మాస్టారు మళ్లీ పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఈసారి నవ్వు దాచుకోవడానికి.

నోట్లో పెట్టే ముక్క సంగతి మరో పంచాయతీ. ఉడికించిన కోడిమాంసం ముక్కలైతే మేలంది డాక్టరమ్మ. పిన్నిగారు చెవులు మూసుకున్నారు. పరమాన్నంలో వేసే కిస్మిస్‌లు ఇస్తానన్నారు. ఈసారి చెవులు మూసుకోవడం డాక్టరమ్మ వంతు. కిస్మిస్, ద్రాక్ష, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి... ఇవి కుక్కకు విషంతో సమానం. చివరికి పన్నీరు దగ్గర రాజీ కుదిరింది. శనగగింజంత ముక్కలు, రోజుకో గుప్పెడు. అంతమేరకు గిన్నెలో అన్నం తగ్గింపు. పన్నీరు లేని రోజున ఉడికించిన చిలగడదుంప.

మొదటి వారం రోడ్డే లేదు. డాబా మీదే పాఠాలు. అక్కడ చూడ్డానికి కాకులు తప్ప ఏమీ ఉండవు, కాబట్టి జున్నుగాడు పిన్నిగారినే చూశాడు. లేదా ఆవిడ చేతిలోని పన్నీరును. రెండూ ఒకటే అని త్వరలోనే తేలింది. ఆవిడ కుడికి తిరిగితే వాడు కుడికి, ఆవిడ ఆగితే వాడు ఆగి తలెత్తి చూడటం. నాలుగో రోజుకి తాడు మధ్యలో కాస్త వేలాడింది, పిల్లల ఊయల తాడులా. నడక బాగుందనడానికి గుర్తు అదే. మాస్టారు కింద వరండాలోంచి అరిచారు... 'డాబా మీద ఎవడైనా నడుస్తాడు! రోడ్డు మీద చూపించండి!'

ఎనిమిదో రోజు రోడ్డెక్కారు. తమ గేటు నుంచి పక్కింటి గేటుకి చేరడానికి పావుగంట పట్టింది. అడుగు వేయడం, తాడు బిగియడం, ఆగిపోవడం. పాలవాడు ఆగి చూశాడు. వాకింగ్‌కి వెళ్లే ఇద్దరు పెద్దమనుషులు 'ఏవమ్మా, ఏదైనా పోయిందా?' అని అడిగారు. జున్నుగాడు ఓసారి మొరిగాడు, ఓసారి నేల మీద పడుకున్నాడు, ఓసారి తాడు కొరికాడు. పిన్నిగారు బూట్లతో సహా గుంజలా నిలబడ్డారు. ఏమీ అనలేదు. వరండాలో మాస్టారు ఎడమ చేత్తో పాత నోటుపుస్తకంలో గీతలు గీశారు. లెక్కల మనిషి కదా, ఊరుకోలేరు. ఆ రోజు పేజీలో వంకర టింకర గీతలు నలభై ఏడు. నలభై ఏడు సార్లు ఆగారన్నమాట.

తర్వాతి పేజీలు తిప్పితే నలభై ఒకటి, ముప్ఫై ఆరు, ముప్ఫై ఎనిమిది, ఇరవై తొమ్మిది. ఓ రోజు పేజీలో గీతల పక్కన చిన్న బొమ్మ ఉంది, బూటు బొమ్మ.

ఏప్రిల్ చివరికి లెక్క పదకొండుకి దిగింది. సరిగ్గా అప్పుడే వేసవి సెలవులకు హైదరాబాద్ నుంచి మనవలు దిగారు. ఆదివారం పొద్దున్నే పెద్ద మనవడు 'నేను తిప్పుతా అమ్మమ్మా' అని తాడు లాక్కుని పరుగెత్తాడు. జున్నుగాడు ముందు, వాడు వెనక, వీధి చివర మామిడికాయల బండి దాకా ఒకటే పరుగు. ఇద్దరికీ పండగ. సోమవారం గీతలు ముప్ఫై నాలుగు.

ఎప్పుడో ఒకసారి లాగుడు ఫలిస్తే ఏమవుతుంది, ఒక్కసారే కదా అనిపిస్తుంది. కానీ లాటరీ టికెట్లు కొనేవాళ్లను చూడండి. రోజూ తగిలితే ఒక్కరోజు తగలకపోయినా మానేస్తారు. ఎప్పుడో ఒకసారి తగిలేవాడే జన్మంతా కొంటాడు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ ఎలుకలు, పావురాల మీద చేసిన ప్రయోగాల్లో చూపించింది ఇదే. అప్పుడప్పుడూ మాత్రమే ఫలించే అలవాటు ఓ పట్టాన వదలదు. అందుకే ఇంట్లో అయిదుగురుంటే అయిదుగురిదీ ఒకే మాట కావాలి. పిన్నిగారు మనవణ్ణి కేకలేయలేదు. మర్నాడు వాడి చేతికే పన్నీరు ముక్కలిచ్చి డాబా ఎక్కించారు. అక్కడ అప్పటికే మాగాయ ముక్కలు, గుమ్మడి వడియాలు ఆరబెట్టి ఉన్నాయి. వాటి పక్కనుంచి తాడు బిగియకుండా కుక్కను దాటించాలి... అదీ పరీక్ష. మనవడు మూడు రోజులు ఫెయిలయ్యాడు. వడియాలు కొన్ని ఖర్చయ్యాయి.

మే నెల ఎండల్లో టైమింగులు కూడా మారాయి. తారురోడ్డు మీద అరచెయ్యి వెనకవైపు ఆనించి ఏడెనిమిది సెకన్లు ఉంచలేకపోతే కుక్క అరికాళ్లు కూడా ఉండలేవు. తెల్లవారకముందు ఓసారి, పొద్దు గుంకి రోడ్డు చల్లబడ్డాక మరోసారి. సముద్రపు ఊరు కాబట్టి ఉక్క ఎక్కువ. నాలుక బాగా వేలాడేసి రొప్పుతుంటే పాఠం అక్కడితో ఆపేసేవారు.

వీధి కుక్కల దగ్గర మాత్రం పిన్నిగారికి నిజంగానే గుండె దడదడలాడింది. కాలనీలో సెక్టారు మారితే రాజ్యం మారినట్టే. ఎదురుగా ముఠా కనబడగానే మన చెయ్యి తాడును బిగించేస్తుంది. ఆ బిగింపే 'ఏదో ప్రమాదం' అని మన కుక్కకు కబురు చేరవేస్తుంది. డాక్టరమ్మ చెప్పినట్టు, దూరం నుంచే రోడ్డుకు అటువైపు మళ్లి, తాను మధ్యలో ఉండి, చుట్టు తిరిగి దాటడం అలవాటు చేసుకున్నారు. రెండుసార్లు వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశారు కూడా. అందులో సిగ్గుపడేదేమీ లేదంటారు. వాసన చూడటం దగ్గర కూడా ఆవిడది ఉదారమే. కరెంటు స్తంభం దగ్గర జున్నుగాడు తాడు వదులుగా ఉంచి తలెత్తి చూస్తే, 'వెళ్లు' అని ఓ రెండు నిమిషాలు వదిలేస్తారు. 'ఈయన గంటసేపు పేపరు చదవరూ? వాడిదీ అంతే' అని సమర్థన.

మే రెండో వారంలో కట్టు విప్పారు. మణికట్టు సన్నబడింది, చర్మం పాలిపోయింది. ఆ సాయంత్రమే ఆనందపురం ఆయన ఫోన్ చేశాడు. మాస్టారు ఫోన్ తీసి, ఒక్క నిమిషం పిన్నిగారి వైపు చూసి 'వాడికి ఇంకా పరీక్షలు కాలేదండీ' అని పెట్టేశారు.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. పరీక్ష మర్నాడు ఉదయం జరిగింది. అదే ప్రహరీ గోడ, అదే పిల్లి. మాస్టారు పది అడుగుల వెనక నోటుపుస్తకం పట్టుకుని నడుస్తున్నారు. జున్నుగాడు పిల్లిని చూశాడు. ఒళ్లంతా బిగుసుకుంది, ముందు కాలు ఒకటి గాల్లో ఆగిపోయింది. తాడు బిగిసింది. పిన్నిగారు ఆగారు. పిల్లి కదల్లేదు, కుక్కా కదల్లేదు. వెనక మాస్టారు కూడా ఊపిరి బిగబట్టారు. ఎంతసేపని చెప్పలేం, చాలాసేపే అనిపించింది. అప్పుడు జున్నుగాడు మెల్లగా తల తిప్పి బూట్ల వైపు, బూట్ల మీదుగా పైకి చూశాడు. తాడు వేలాడింది. కొంగు ముడిలోంచి ఒకటి కాదు, నాలుగు పన్నీరు ముక్కలు బయటికొచ్చాయి.

'ఇప్పుడిది ఆగినట్టా, ఆగనట్టా? గీత గీయాలా వద్దా?' మాస్టారికి సందేహం.

'మీ ఇష్టం' అన్నారు పిన్నిగారు, నడుస్తూనే.

ఇంటి మలుపు తిరిగాక మాస్టారు పుస్తకం చంకలో పెట్టుకుని ఎడమ చెయ్యి చాపారు. 'ఓసారి ఇలా ఇవ్వు, గేటు దాకా నేను తీసుకొస్తా.' పిన్నిగారు ఆ చెయ్యి వైపు చూశారు. ఆ వేళ్లు అప్పుడే తాడు చుట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాయి.

'రేపు పొద్దున్న డాబా మీదకి రండి. పన్నీరు నేను కోసి ఉంచుతా.'